కంప్యూటరుకూ మితాహారమే మేలు

1816లో మద్రాసులో ఎ. డి. క్యాంప్‌బెల్ అనే ఆంగ్ల అధికారి తెలుగు భాషకు ఒక వ్యాకరణం అచ్చు వేయించాడు. 'సాధారణంగా జెంటూ అని పిలవబడే తెలుగు భాషకు వ్యాకరణం' అని ఆ పుస్తకానికి పేరు పెట్టాడు. ఆశ్చర్యంగా ఉందా? ఆ రోజుల్లో ఇంగ్లీషువారు మన భాషను 'జెంటూ' అనేవారు. అది పోర్చుగీసువారి నుంచి వాళ్లు నేర్చుకున్న మాట.

అంటార్కిటికా ప్రాంతంలో జెంటూ అనే పెంగ్విన్ పక్షి కూడా ఉంది. దాని తల మీద తెల్లని పట్టీ, ముఖానికి నారింజ రంగు ముక్కు ఉంటాయి. పెంగ్విన్లన్నిటిలోకీ నీటిలో అతి వేగంగా ఈదేది ఇదే. గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగం!

మూడో జెంటూ ఒకటుంది. అది కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. వేగంగా ఈదే ఆ పక్షి పేరునే దానికి పెట్టారు. అమెరికాకు చెందిన డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన ఈ 'జెంటూ లినక్స్' తొలి పూర్తి సంచిక 2002 మార్చి 31న విడుదలైంది. చాలా సిస్టమ్‌లలో కనిపించని ఒక లక్షణం దీనికుంది. దీన్ని వాడేవారు తమ కంప్యూటరులో ఏమేమి ఉండాలో, ఏమేమి ఉండకూడదో తామే నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయం చిన్నదిగానే కనిపిస్తుంది. కాని ఒకోసారి అదే కంప్యూటరును కాపాడుతుంది. ఎలాగో చూద్దాం.

పెంబర్తి పనివాని దగ్గర

జనగామ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును లక్క మీద పరచి, ఉలితో, సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చే పనివారి ఊరు అది. అక్కడ మీకు ఒక ఇత్తడి పళ్లెం కావాలనుకోండి. అంగట్లో తయారుగా ఉన్నది కొనుక్కోవచ్చు. లేదా పనివాని దగ్గరకు వెళ్లి, 'ఇంత వెడల్పు చాలు, అంచుకు హంసలు కావాలి, పిడి అక్కరలేదు' అని చెప్పి చేయించుకోవచ్చు. మొదటి పద్ధతిలో పని త్వరగా అవుతుంది. రెండో పద్ధతిలో కాస్త ఆలస్యమైనా, మీరు కోరిన వస్తువే మీ చేతికి వస్తుంది.

కంప్యూటరు ప్రోగ్రాములకూ ఈ రెండు దారులున్నాయి. మనుషులు చదవగలిగే భాషలో రాసిన ప్రోగ్రామును సోర్సు కోడు అంటారు. దాన్ని యంత్రం చదవగలిగే అంకెలలోకి మార్చడమే కంపైలు చేయడం. విండోస్‌లోనూ, చాలా రకాల లినక్స్‌లలోనూ ఎవరో ముందే కంపైలు చేసిన ప్రోగ్రాము మన చేతికి వస్తుంది. అది అంగట్లోని పళ్లెం వంటిది. అందరికీ పనికిరావాలి గనుక దానికి అన్ని హంగులూ తగిలిస్తారు. జెంటూలో మాత్రం సోర్సు కోడు తెచ్చుకొని, మన కంప్యూటరులోనే, మనం చెప్పిన కొలతల ప్రకారం కంపైలు చేసుకుంటాము. పనివాడు మన ఇంటికే వచ్చి పని చేస్తున్నట్లన్నమాట.

ఇక్కడ 'పిడి అక్కరలేదు' అని చెప్పే సాధనం పేరు యూజ్ ఫ్లాగు. ఒక్కొక్క హంగుకు ఒక్కొక్క ఫ్లాగు. మీ కంప్యూటరుకు ప్రింటరు లేదు, బ్లూటూత్ లేదు. అయితే ఆ రెండు ఫ్లాగుల ముందు రుణ చిహ్నం పెడితే చాలు. ఆ తరువాత కంపైలయ్యే ప్రోగ్రాములలో వీలున్నంత వరకు ఆ భాగాలు చేరవు. భాషల విషయంలోనూ అంతే. తెలుగు, ఇంగ్లీషు చాలునని చెబితే మిగతా భాషల మూటలు దిగవు.

చిన్నతనమే పుట్టుక

లినక్స్‌కు పితామహుడని చెప్పదగ్గ యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని సృష్టికర్తలు. వారికి దొరికిన పి.డి.పి-7 యంత్రంలో జ్ఞాపకశక్తి మన లెక్కలో సుమారు 18 కిలోబైట్లు మాత్రమే. నేటి ఫోనులో తీసే ఒక్క ఫోటో దానికి వంద రెట్లకు పైగా ఉంటుంది! అంత ఇరుకు ఇంట్లో అక్కరలేని వస్తువుకు చోటెక్కడిది? అందుకే 'ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్క పనే చేయాలి, దాన్ని బాగా చేయాలి' అనే నీతి అక్కడ పుట్టింది.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన తొలి లినక్స్ కెర్నెల్ సుమారు 10 వేల వరుసలు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. ఇవాళ దాని సోర్సు 3 కోట్ల వరుసలు దాటింది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. అంటే లోకంలోని రకరకాల యంత్ర భాగాలతో మాట్లాడే దుబాసీలు. మీ కంప్యూటరులో ఉన్న భాగాలు ఎన్ని? లెక్కపెడితే కొన్ని పదులు. మిగతా దుబాసీలకు మీ ఇంట పని లేదు.

ఎదురుచూడని ప్రమాదం

'పని లేకపోతే ఊరకే పడి ఉంటాయి, వాటివల్ల నష్టమేమిటి?' అని మీరు అడగవచ్చు. 2014 ఏప్రిల్ 7న బయటపడిన ఒక లోపం దీనికి జవాబు చెప్పింది.

బ్యాంకులు, ఉత్తరాలు, దుకాణాలు ఇంటర్నెట్‌లో రహస్యంగా మాట్లాడుకోవడానికి ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రామును వాడతాయి. దానిలో 2012లో ఒక కొత్త హంగు చేరింది. పేరు 'హార్ట్‌బీట్', అంటే గుండెచప్పుడు. ఒక కంప్యూటరు, 'నువ్వింకా ఉన్నావా? ఉంటే ఈ మాట తిరిగి చెప్పు, ఇందులో ఇన్ని అక్షరాలు' అని అడుగుతుంది. రెండోది అలాగే తిరిగి చెబుతుంది. కాని ఒక చిక్కు వచ్చిపడింది. అడిగేవాడు నాలుగు అక్షరాలు పంపి, 'ఇందులో 60 వేల అక్షరాలున్నాయి' అని అబద్ధం చెబితే? రెండో కంప్యూటరు లెక్క సరిచూసుకోకుండా, ఆ నాలుగు అక్షరాలతోపాటు తన జ్ఞాపకంలో పక్కన ఉన్నదంతా చదివి అప్పగించేది. ఆ పక్కన ఉన్నవి సంకేత పదాలు కావచ్చు, రహస్యపు తాళాలు కావచ్చు. ఒక్కసారికి 64 కిలోబైట్ల వరకు ఇలా కారిపోయేది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ గుండెచప్పుడు హంగుతో నిత్యం పని ఉన్నవారు చాలా తక్కువ. అయినా అది చాలామంది యంత్రాలలో చేరి కూర్చుంది. దాన్ని వదిలి కంపైలు చేసుకున్నవారికి మాత్రం ఈ లోపం అంటలేదు. జెంటూ అప్పుడు జారీ చేసిన హెచ్చరికలో, కొత్త సంచిక వేసుకోవడం వెంటనే కుదరనివారు ఆ ఒక్క ఫ్లాగును తీసివేసి తిరిగి కంపైలు చేసుకుంటే చాలునని చెప్పింది. లేని తలుపును ఏ దొంగా తెరవలేడు గదా!

గొలుసుకట్టు చెరువులు

మన ప్రాంతంలో కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులను మీరు చూసే ఉంటారు. మహబూబాబాదు జిల్లా బయ్యారం పెద్దచెరువు, భూపాలపల్లి జిల్లా ఘనపురం దగ్గర గణపసముద్రం ఆ కాలపువే. వాన బాగా కురిస్తే పై ఊరి చెరువు నిండి మత్తడి దుంకుతుంది. ఆ నీరు వాగై కింది ఊరి చెరువులో పడుతుంది. అదీ నిండితే దాని కింది చెరువు. ఇలా ఒకదాని కింద ఒకటి. కింది ఊరివారు పై చెరువును ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. కాని అక్కడ ఎవరైనా నీటిలో విషం కలిపితే, అది చివరకు వీరి పొలంలోకీ వస్తుంది.

ప్రోగ్రాములూ అంతే. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నడవదు. దానికి కొన్ని లైబ్రరీలు కావాలి. ఆ లైబ్రరీలకు మరికొన్ని లైబ్రరీలు కావాలి. మీరు ఒక్క ప్రోగ్రామును అడిగితే దాని వెనుక ఇరవై దిగవచ్చు. ఈ సంబంధానికి 'డిపెండెన్సీ' అని పేరు. ఇరవయ్యో దాని పేరు మీరు ఎన్నడూ విని ఉండరు.

2024లో ఇలాంటి ఒక పై చెరువులో నిజంగానే విషం కలిసింది. దూరాన ఉన్న కంప్యూటరులోకి భద్రంగా ప్రవేశించడానికి ఎస్ఎస్‌హెచ్ అనే ద్వారపాలకుడు ఉంటాడు. ప్రపంచంలోని సర్వర్లలో చాలా వాటికి ఇతడే కాపలా. కొన్ని రకాల లినక్స్‌లలో, 'నేను లేచాను' అని ఈ ద్వారపాలకుడు సిస్టమ్‌డీ అనే మేనేజరుకు కబురు చెప్పేందుకు ఒక చిన్న అతుకు వేశారు. ఆ అతుకుకోసం సిస్టమ్‌డీ లైబ్రరీ దిగింది. దాని వెనుక, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ దిగింది. తలుపు కాయడానికీ ఫైళ్లు కుదించడానికీ ఏమైనా సంబంధం ఉందా? లేదు. అయినా రెండూ ఒకే ఇంట్లో చేరాయి.

'జియా టాన్' అనే పేరుతో పనిచేసిన ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకు పైగా ఎక్స్‌జెడ్‌కు సాయం చేస్తూ నమ్మకం సంపాదించుకున్నాడు. చివరకు 5.6.0, 5.6.1 సంచికలలో దొంగదారి ఒకటి దాచిపెట్టాడు. అది ఎక్స్‌జెడ్‌లో పుట్టి, సిస్టమ్‌డీ లైబ్రరీ మీదుగా జారి, ద్వారపాలకుని ఒళ్లోకి చేరింది!

దాన్ని పట్టుకున్నదెవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. అతడు డేటాబేసుల మీద పనిచేసేవాడు, భద్రతా నిపుణుడు కాడు. తన కంప్యూటరులో ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించాడు. అర సెకనే కదా అని ఊరుకోలేదు. ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ పోయాడు. 2024 మార్చి 29న లోకానికి చాటాడు. ఆ సంచికలు ఇంకా ఎక్కువ యంత్రాలకు పాకకముందే పట్టుబడ్డాయి.

జెంటూవారి ద్వారపాలకునికి ఆ అతుకు లేదు. అందువల్ల ఆ గొలుసు అక్కడ తెగి ఉంది. అయినా వారు కూడా ముందుజాగ్రత్తగా ఎక్స్‌జెడ్ పాత సంచికకు మరలమని చెప్పారు. తరువాత అదే ఏడాది ఎస్ఎస్‌హెచ్ రూపకర్తలు ఏం చేశారో తెలుసా? ఆ కబురు చెప్పే పనిని, ఏ లైబ్రరీ సాయం లేకుండా, తమ ప్రోగ్రాములోనే చిన్న ముక్కగా రాసుకున్నారు. పెద్ద గొలుసు అవసరం తీరిపోయింది.

అడిగినవారు, వెంట వచ్చినవారు

పెళ్లికి మీరు ఒక చుట్టాన్ని పిలుస్తారు. ఆయన వెంట నలుగురు వస్తారు. ఆయన వెళ్లిపోయాక ఆ నలుగురూ వెళ్లారా లేదా అని ఎవరు చూస్తారు? చూడకపోతే పది పెళ్లిళ్లయ్యేసరికి ఇల్లు నిండిపోతుంది.

జెంటూలో ఈ లెక్క రాసే చిట్టా ఉంది. దాని పేరు 'వరల్డ్' ఫైలు. మీరు పేరు పెట్టి అడిగిన ప్రోగ్రాములు మాత్రమే అందులో ఎక్కుతాయి. వెంట వచ్చినవి ఎక్కవు. మీరు ఒక ప్రోగ్రామును చిట్టా నుంచి కొట్టివేసి 'డెప్‌క్లీన్' అనే ఆజ్ఞ ఇస్తే, ఎవరికీ అవసరం లేకుండా మిగిలిన వెంట వచ్చినవాటిని అది ఏరి చూపిస్తుంది. సరేనంటే తీసివేస్తుంది.

దీన్ని సన్నగా ఉంచుకొనేవారు పాటించే అలవాట్లు ఇవి:

మొదటిది: ఏది వేసుకొనే ముందైనా, వేయకుండా 'వేస్తే ఏమేమి దిగుతాయి?' అని అడిగి జాబితా చూడాలి. ఒక చిన్న గడియారం బొమ్మకోసం నలభై పేర్లు కనబడితే, ఆ గడియారం మనకు అవసరమా అని ఆలోచించాలి.

రెండవది: ఒక్కసారి పరీక్షకోసం తెచ్చినదాన్ని చిట్టాలో ఎక్కకుండా తేవాలి. అందుకు 'వన్‌షాట్' అనే పద్ధతి ఉంది.

మూడవది: చిట్టాను అప్పుడప్పుడు తెరిచి చదవాలి. అది మామూలు ఫైలే, ఎవరైనా చదవవచ్చు. 'ఇది ఎందుకు అడిగానో' గుర్తు రాని పేరు కనబడితే, అది పోవలసినదే కావచ్చు.

నాల్గవది: డెప్‌క్లీన్‌కు ముందు సిస్టమ్‌నంతటినీ తాజా చేసుకోవాలి. లేకపోతే లెక్క తప్పవచ్చు. అది చూపిన జాబితాను కళ్లతో చదివాకే సరేననాలి.

ఐదవది: కంపైలు అయ్యాక మిగిలిపోయిన సోర్సు మూటలను, పాత కెర్నెళ్లను తీసివేయాలి. ఒక్కొక్క కెర్నెల్ సోర్సే విప్పితే గిగాబైటుకు పైగా ఉంటుంది.

బొగ్గు లెక్క

ఈ పొదుపులో ఇంకో లాభం ఉంది. ప్రతి ప్రోగ్రామూ మన కంప్యూటరులోనే కంపైలు కావాలి గదా! ఎన్ని ఎక్కువ ఉంటే అంత కరెంటు. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ తాప విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. అక్కడ మండేది మన సింగరేణి బొగ్గు.

ఒక లెక్క చేద్దాం. మీ బడిలోని పాత కంప్యూటరు 100 వాట్లు తీసుకుంటుందనుకోండి. ఒక పెద్ద బ్రౌజరు కంపైలు కావడానికి దానికి 10 గంటలు పట్టిందనుకోండి. 100ను 10తో గుణిస్తే 1,000 వాట్ గంటలు. అంటే సరిగ్గా ఒక యూనిట్ కరెంటు. ఒక యూనిట్‌కు సుమారు ముప్పావు కిలో బొగ్గు కాలాలి. ఎవరూ వాడని బ్రౌజరు ఒకటి పడి ఉండి, నెలకొకసారి తాజా అవుతూ ఉంటే ఏడాదికి 9 కిలోల బొగ్గు ఊరకే బూడిదయినట్లే!

అందుకే పెద్ద ప్రోగ్రాములను తయారుగా దొరికేవి తెచ్చుకోవడంలో తప్పు లేదు. 2023 డిసెంబరు నుంచి జెంటూవారే ముందే కంపైలు చేసిన ప్రోగ్రాములను కూడా విస్తారంగా అందిస్తున్నారు. జ్ఞాపకశక్తి విషయం కూడా చూసుకోవాలి. ఒకేసారి నడిచే ఒక్కొక్క కంపైలు పనికి 2 గిగాబైట్లు ఉండాలని జెంటూ మార్గదర్శిని చెబుతుంది. 4 గిగాబైట్ల పాత యంత్రానికి రెండు పనులకు మించి అప్పగించకూడదు.

మితం వేరు, పస్తు వేరు

ఇంత చదివాక కొందరు ఉత్సాహవంతులు, 'అయితే అన్నీ తీసేద్దాం' అంటారు. అన్ని ఫ్లాగులనూ ఒక్క దెబ్బతో తుడిచివేసే మార్గం జెంటూలో ఉంది. కాని దాన్ని వాడవద్దని జెంటూవారే హెచ్చరిస్తారు. ఏయే భాగాలు కలిసి ఉంటే ప్రోగ్రాము సరిగా నడుస్తుందో రూపకర్తలు ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని మొత్తంగా తీసివేస్తే కనబడని చోట్ల విరుగుతుంది.

ఈ వ్యాసం రాసినవాడికీ ఒకసారి శాస్తి జరిగింది. కెర్నెల్‌ను చిన్నదిగా చేయడానికి ఒక సులువైన ఆజ్ఞ ఉంది. ఆ క్షణాన పనిలో ఉన్న డ్రైవర్లను ఉంచి, మిగతావి తీసివేస్తుంది. ఆజ్ఞ ఇచ్చినప్పుడు పెన్ డ్రైవ్ తగిలించి లేదు. మరునాడు పెన్ డ్రైవ్ పెడితే కంప్యూటరు దాన్ని గుర్తుపట్టనే లేదు! దుబాసీ వెళ్లిపోయాడు. మళ్లీ కెర్నెల్‌ను కంపైలు చేయడానికి ఒక పూట పట్టింది.

మన తెలుగు విషయం ఇంకా ముఖ్యం. 'స్త్రీ' అనే అక్షరాన్ని చూడండి. స, త, ర అనే మూడు హల్లులు, ఒక గుడి దీర్ఘం కలిసి ఒకే రూపం కావాలి. ఇంగ్లీషు అక్షరాల్లా వరుసగా పేర్చితే చాలదు. ఈ పేర్పు పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఇంగ్లీషు మాత్రమే చదివేవాడికి అది అనవసరపు బరువుగా కనిపించవచ్చు. మనం దాన్ని తీసివేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. తెలుగు ఖతినీ తీసివేస్తే అక్షరాల చోట ఖాళీ డబ్బాలే మిగులుతాయి.

జనగామ జిల్లా బమ్మెర గ్రామం మహాకవి పోతన ఊరుగా ప్రసిద్ధి. ఆయన పేరిట తిరుమల కృష్ణ దేశికాచార్యులు 'పోతన 2000' అనే తెలుగు ఖతిని రూపొందించి, అందరూ ఉచితంగా వాడుకొనేలా ఇచ్చారు. హైదరాబాదులో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకొంది. ఇంతమంది కష్టపడి తెచ్చిన తెలుగు మన కంప్యూటరులో ఉండి తీరాలి. ప్రపంచ లిపులన్నిటి ఖతులూ అక్కరలేదు. పోతన వంటిది ఒక్కటి ఉన్నా చాలు.

కాబట్టి 'ఇది లేకపోతే యంత్రం ఇంకెంత చిన్నదవుతుంది?' అని అడగడం కాదు. 'ఈ యంత్రం ఎవరి కోసం? వారికి ఏ పని జరగాలి?' అని ముందు అడగాలి. ఆ పనికి కావలసినవన్నీ ఉండాలి. కానివి ఉండకూడదు.

మీరే చేసి చూడండి

జెంటూ మీ దగ్గర లేకపోయినా ఫరవాలేదు. మీ బడి కంప్యూటరులోనో, ఇంట్లోని ఫోనులోనో ఉన్న ప్రోగ్రాముల జాబితాను పెద్దల అనుమతితో తెరవండి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. 'నేను అడిగి వేసుకున్నవి', 'వాటి వెంట వచ్చినవి', 'ఎందుకున్నాయో తెలియనివి' అని రాయండి. ఒక్కొక్క పేరునూ తగిన గడిలో వేయండి. వెంటనే ఏదీ తీసివేయవద్దు. మూడో గడిలోని ప్రతి పేరు గురించీ మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి, చదివి తెలుసుకోండి.

మూడో గడి పొడవు చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది. అర సెకను ఆలస్యాన్ని చూసి 'ఎందుకు?' అని అడిగిన ఆ ఇంజనీరు కూడా ఇలాంటి ప్రశ్నతోనే మొదలుపెట్టాడు.